ఉందంటుంది, లేదంటుంది

అక్క గొంతు పోయాక ఆ ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. పోట్లాటలు లేని ఇల్లు హాయిగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే, ఒక్కపూట ఆ ఇంట్లో కూర్చుని చూడాలి. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినీ వినీ విసుగెత్తి లేచిపోతారు.

అంతకుముందు అక్కా బావా దేనికైనా పోట్లాడుకునేవాళ్ళు. కర్టెన్ ఎటు జరపాలి, గొడుగు తీసుకెళ్ళాలా వద్దా, పక్కింటాయన నవ్వింది వీళ్ళని చూసా, ఫోన్ చూసా. అక్క చిన్నపిల్లల బడిలో టీచరు కాబట్టి ఆమె గొంతు నాలుగు గోడలు దాటేది. బావ బస్సు డిపోలో మెకానిక్, ఇంజిన్ల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు ఆయనది. ఎవరూ తగ్గేవాళ్ళు కారు. పోట్లాట ముగిశాక ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుని మిగిలింది తినేవాళ్ళు.

తర్వాత అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి డాక్టర్లు మనిషిని దక్కించారు, మాటని దక్కించలేకపోయారు. ఇప్పుడు అక్క మెడలో తాడు కట్టిన చిన్న తెల్లబోర్డు వేలాడుతూ ఉంటుంది. ఏదైనా చెప్పాలంటే దాని మీద రాస్తుంది. ఆమె రెండు మాటలు రాసేలోపే బావ, "సరే, నువ్వెలా అంటే అలాగే," అనేస్తాడు. మూడో మాట రాయకుండానే అక్క బోర్డు తుడిచేస్తుంది.

ఆమె తమ్ముడు చిట్టి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. వాడికి ముప్పై దాటి చాలాకాలమైంది, చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి, అయినా ఇంట్లో చిట్టే. ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని పేజీలు పేరుస్తాడు. ఒకే పనిని పదేపదే చెయ్యడం బద్ధకమై, ఆ పని కంప్యూటర్ చేతే చేయించుకోవడానికి పైథాన్ నేర్చుకున్నాడు. కష్టపడి చదివినవాడు కాదు, బద్ధకపడి చదివినవాడు.

బడిలో హెడ్మిస్ట్రెస్ అక్కని పిలిచి చాలా మర్యాదగా చెప్పింది. సోమవారం మొదటి క్లాసుకి తనొచ్చి కూర్చుంటుందట. ఏదో ఒక విధంగా పిల్లల్ని నడిపించగలిగితే అక్క క్లాసు అక్కదే. లేదంటే పుస్తకాల గదికి మారుస్తారు, అక్కడ అట్టలు వేసుకుంటూ కూర్చోవచ్చు, మాట్లాడే పనే ఉండదు. అక్క ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

అందుకే చిట్టి ఆమెకోసం మాట్లాడే బోర్డు తయారుచేశాడు. తెర మీద పెద్ద పెద్ద బొమ్మల బటన్లు. ఒకటి నొక్కితే "వరుసలో నిలబడండి" అంటుంది, ఇంకోటి నొక్కితే "ముందు ఎవరు కొట్టారు?" అంటుంది. కింద ఒక పొడుగాటి గడి, అందులో ఏం టైపు చేస్తే అది గట్టిగా చదువుతుంది. చిట్టి కంప్యూటర్‌లో అది చిలకలా పలికింది. వచ్చిన చిక్కల్లా క్లాసు గోడకున్న తెర బడివాళ్ళ ల్యాప్‌టాప్‌కి తప్ప దేనికీ కలవదు. బోర్డు అందులోనే నడవాలి.

పైథాన్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మనం రాసింది చదివి కంప్యూటర్ చేత పని చేయించేది పైథాన్. దానికి కిటికీలు, బటన్లు గీయడం పెద్దగా రాదు. ఆ గీతపని తెలిసిన సరంజామా ఒకటి విడిగా తెచ్చుకోవాలి, దాన్ని లైబ్రరీ అంటారు. ఫలానాది కావాలని ఒక వాక్యం కొడితే ఇంటర్నెట్ నుంచి అదే వచ్చి కూర్చుంటుంది. పుస్తకాల్లో ఇంతే రాసి ఉంటుంది, చదవడానికి ఎంత బాగుంటుందో!

చిట్టి పోయినవారమే అక్క ఇంటికి వచ్చి, ఆమె బడి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో పైథాన్ పెట్టి, లైబ్రరీ పెట్టాడు. బోర్డు తెరుచుకోలేదు. మిగతాది ఆదివారం చూద్దాంలే అనుకుని వెళ్ళిపోయాడు. ఇవాళే ఆ ఆదివారం.

పొద్దున్నే వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. బోర్డు బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. నల్లటి కిటికీ ఒకటి కన్నుగీటినట్టు తెరుచుకుని మూసుకుంది. దాన్ని పట్టి ఆపి చదివితే, లైబ్రరీ అనేదేదీ ఇక్కడ లేదని ఉంది. సరే లేదంటోంది కదా అని తెచ్చే వాక్యం కొట్టాడు. ఇప్పటికే ఉంది, మళ్ళీ ఎందుకంది. ఉంటే మరి తెరుచుకో అని బొమ్మ నొక్కాడు. లేదంది.

చిట్టి బుర్ర గోక్కున్నాడు. ఉన్నదాన్ని తీసేసి కొత్తగా పెట్టాడు. విజయవంతంగా పెట్టానని కంప్యూటర్ చెప్పింది. బొమ్మ నొక్కితే లేదంది. ల్యాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేసి నొక్కాడు. లేదంది. పోనీ బొమ్మని నమ్ముకోకుండా నల్ల కిటికీలోంచే నడుపుదామని అక్కడ ప్రోగ్రాం పేరు కొట్టాడు. ఈసారి లైబ్రరీ లేదనలేదు. లైబ్రరీ ఉంది గాని నువ్వు రాసిన బటన్ ఎలా గీయాలో దానికి తెలియదంది. వాడి కంప్యూటర్‌లో వేలసార్లు గీసిన బటన్ అది.

ఒకే ప్రోగ్రాం, ఒకే ల్యాప్‌టాప్. ఇటు నుంచి వెళితే సరుకే లేదు, అటు నుంచి వెళితే సరుకుంది గాని పనికిరాదు. చిట్టికి తను చదివిందంతా అబద్ధమేమో అనిపించింది. ఇంటర్నెట్‌లో వెతికితే తనలాగే ఏడ్చినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఒకడు విండోస్ అప్‌డేట్ చెయ్యమన్నాడు. ఒకడు అసలు చెయ్యొద్దన్నాడు. ఇంకొకడు నాకూ ఇలాగే అయింది, తర్వాత సరిపోయింది అని రాసి, ఎలా సరిపోయిందో చెప్పకుండా వెళ్ళిపోయాడు. వాణ్ణి దొరకబుచ్చుకుని నాలుగు తన్నాలనిపించింది.

బావ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాత బావైతే ఈపాటికి కుర్చీ లాక్కుని, ఎక్కడ బిగిసిందో చూపించమని వేధించేవాడు. ఈ బావ మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు, నీకు తెలియందేముందని రెండుమూడుసార్లు అన్నాడు. ఒకసారి ఏదో చెప్పబోయి గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. చిట్టి కూడా అడగలేదు. పెద్దవాణ్ణి ఏమిటలా నసుగుతున్నారని ఎలా అడుగుతాడు!

అక్క కిటికీ దగ్గర కూర్చుని రేపటి పాఠం అట్టముక్కలు కత్తిరిస్తోంది. మధ్యమధ్యలో బల్లవైపు చూస్తోంది. వాడు నవ్వితే ఆమె నవ్వుతోంది, వాడు మొహం వేలాడేస్తే కత్తెర ఆగిపోతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె మెడలోని తెల్లబోర్డు మీద "పుస్తకాల గది కూడా బాగానే ఉంటుందిలే" అని రాసి చూపించింది. తమ్ముణ్ణి ఓదార్చడానికి అక్క అబద్ధం రాసింది. గొంతున్న రోజుల్లో అయితే ఆ గదిలో అట్టలు వేసుకోమన్నందుకు హెడ్మిస్ట్రెస్‌ని ఇక్కడే నిలబెట్టి కడిగిపారేసేది.

వాడు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు గాని, ఈసారి ఏమీ పెట్టలేదు, ఏమీ తీయలేదు. అసలు ఎవరితో మాట్లాడుతున్నానో ముందు తెలుసుకుందామనుకున్నాడు. ఈ ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఎక్కడుందో చెప్పమని అడిగాడు. రెండు అడ్రసులు వస్తాయనుకున్నాడు. మూడొచ్చాయి.

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. మూడే. ఒకటి తను పెట్టింది. ఒకటి ఎన్నేళ్ళనాటిదో పాత పైథాన్, బడిలో కంప్యూటర్ మాస్టారిది. దాన్ని చిట్టి మొదటిరోజే చూశాడు. పెద్దాయన పెట్టుకున్నదాన్ని మనం కదపడమెందుకని, పక్కన తనది పెట్టుకున్నాడు. దానికి అడ్డం రాకూడదని, పెట్టేటప్పుడు నన్నే ముందు పిలవాలి అనే గడిలో టిక్కు కూడా పెట్టలేదు. మరి మూడోది ఎవరిది? పెట్టిన తేదీ చూశాడు. పోయిన గురువారం.

తల తిప్పి చూశాడు. బావ గోడకున్న క్యాలెండర్ వంక చూస్తున్నాడు.

"నేనే చిట్టీ," అన్నాడు చివరికి. "ఊరికే నిన్ను మళ్ళీ రప్పించడమెందుకని, వీడియో చూసి పెట్టాను. నువ్వు పెట్టింది కనిపించింది. దాన్ని ముట్టుకుంటే నువ్వేమనుకుంటావో అని పక్కన ఇంకోటి పెట్టాను."

ఆ వీడియో పాతదట. అందులో ఏ పైథాన్ చూపించారో వెతికి మరీ అదే తెచ్చాడు. గడిలో టిక్కు పెట్టమన్నారు కాబట్టి పెట్టాడు, లైబ్రరీ దింపమన్నారు కాబట్టి అదీ దింపాడు. పొద్దున్నించీ చెబుదామనే అనుకున్నాడు గాని, చిట్టి అంత దీక్షగా పనిచేస్తుంటే మధ్యలో అడ్డుపడడం బాగోదనుకున్నాడు.

చిట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున్నించీ తను తెప్పించిన లైబ్రరీ అంతా వెళ్ళి బావ పైథాన్ ఒళ్ళో పడింది. ఆ పాతదాంట్లోకి సరిపడే పాత లైబ్రరీయే దిగింది, దానికి కొత్త బటన్లు గీయడం రాదు. బొమ్మ మీద నొక్కితే మాత్రం అన్నిటికంటే కొత్తదైన తన పైథాన్ లేస్తోంది, దాని దగ్గర లైబ్రరీయే లేదు. పోయినవారం పెట్టింది మాస్టారి దాంట్లోకి పోయింది. ఉందన్నదీ నిజమే, లేదన్నదీ నిజమే. కంప్యూటర్ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఒకరినొకరు ఏమైనా అనుకుంటారేమోనని ఇద్దరు పెద్దమనుషులు కలిసి దాన్ని తికమక పెట్టారు.

మాస్టారికి ఫోన్ చేసి, మీది తీసెయ్యమంటారా అని బెరుగ్గా అడిగాడు. ఆయనకి దాంతో పనైపోయి ఎంతో కాలమైందట. బడిలో ఎవరికైనా అవసరముందేమోనని నేనే తీయకుండా వదిలేశాను బాబూ అన్నాడు. చిట్టి ఫోన్ పెట్టేసి కాసేపు తల పట్టుకున్నాడు.

"బావగారూ, మీది తీసేస్తున్నాను," అన్నాడు. అంత మొహం మీద ఆయనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. "తీసెయ్," అన్నాడు బావ. మాస్టారిది తీశాడు, తనదీ తీశాడు. ల్యాప్‌టాప్ ఆపి, వేసి, ఎక్కడుందని అడిగితే ఎక్కడా లేదంది. ఆ లేదు వినడానికి చల్లగా ఉంది. అప్పుడు ఒకే ఒక్క పైథాన్ పెట్టి, గడిలో టిక్కు పెట్టి, ఆ పైథాన్ పేరు పెట్టి పిలిచి మరీ దాంట్లోకే లైబ్రరీ దింపాడు.

బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. నల్ల కిటికీ వచ్చి పోయింది. తర్వాత నెమ్మదిగా తెరంతా రంగుల బటన్లు పరుచుకున్నాయి.

అక్క వచ్చి కూర్చుంది. బటన్లు ఒక్కటీ నొక్కలేదు. తిన్నగా కింద గడిలోకి వెళ్ళి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ల్యాప్‌టాప్ ఎవరిదో ఆడగొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చదివింది.

"పొద్దున్నించి స్నానాలగదిలో కుళాయి కారుతోంది. ఇద్దరు మగాళ్ళున్నారు ఇంట్లో."

చిట్టి పకపకా నవ్వాడు. గొంతు ఎవరిదైతేనేం, ఆ మాట అచ్చంగా అక్కది. నవ్వుతుంటే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే, చూస్తాను," అన్నాడు బావ అలవాటుగా.

"సరే అనకండి."

"మరేమనమంటావు?"

"ఇదివరకు ఏమనేవారో అదే అనండి."

బావ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గ్రీజు మరకలు పోని వేళ్ళు ఒకదాన్లో ఒకటి దూర్చి నేలవంక చూస్తూ అన్నాడు: "నువ్వొక మాట రాసేలోపు నేను పది మాటలనగలను. అది పోట్లాట కాదు, అన్యాయం. అందుకని మానేశాను."

అక్క కీబోర్డు మీంచి చేతులు తీసింది. ఇన్నాళ్ళూ తన మాటకి విలువ పోయిందనుకుంది. ఈ మనిషి తనని తక్కువ చేశాడనుకుని లోలోపల కుమిలిపోయింది. ఆమె చెంపలు తుడుచుకుని మళ్ళీ గడిలోకి వెళ్ళింది.

"ఇప్పుడు నేనూ అనగలను. అనండి."

"అయితే విను. రేపు నేనూ బడికి వస్తాను. ఇది మధ్యలో మొరాయిస్తే?"

"వద్దు."

"వస్తాను. నువ్వు వద్దన్నా వస్తాను."

అక్క వేళ్ళు కీబోర్డు మీద వెతుక్కున్నాయి. తప్పు పడింది, చెరిపింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమెకింకా వేగం రాలేదు. బావ పెదాలు విడివడడం, ఏదో మాట నాలుక చివరిదాకా రావడం చిట్టి చూశాడు. ఆయన నోరు మూసుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆమె చివరి అక్షరం కొట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు.

"రండి. గేటు బయటే నిలబడండి. నోరు మాత్రం తెరవకండి."

"తెరుస్తాను," అన్నాడు బావ.

అక్క కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ టైపు చెయ్యడం మొదలుపెట్టింది.