ఎక్కడివాణ్ణి అక్కడే

లాండ్రీ నుంచి ఇంటికి రాగానే ఆమె చెప్పులు విడిచి, సంచీ మేకుకి తగిలించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని మొగుణ్ణి వెతకడం మొదలుపెట్టేది. మొదట్లో అదేమంత పెద్ద పనిగా ఉండేది కాదు. ఉన్నవే రెండు గదులూ ఒక వంటిల్లూ. అతను లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి కాబట్టి ఒంటికి ఎప్పుడూ ఆయిలు వాసన కొట్టేది. ఆ వాసన వెంటపడి వెళ్తే బీరువా పక్కనో, తలుపు వెనకో, ఒక్కోసారి ఎదురుగా కుర్చీలోనే దొరికేవాడు. దొరికాక ఇద్దరూ కూచుని తినేవాళ్ళు. పొద్దున లేచేసరికి మళ్ళీ కనపడేవాడు కాదు. కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఎదురైతే, "ఇవాళ దొరికాడా?" అని అడిగేది, కుళాయి వచ్చిందా అని అడిగినంత మామూలుగా. దొరికాడంటే, పోన్లే అని తన పనిమీద తను పోయేది.

దాక్కోవడం ఈమధ్య వచ్చింది గానీ, దాచడం మాత్రం అతనికి చాలా ఏళ్ళ పిచ్చి. ఆ ఊళ్ళో జియోకాషింగ్ ఆడేవాళ్ళ గుంపు ఒకటుంది. ఒకళ్ళు చిన్న డబ్బాని ఎక్కడో దాచిపెట్టి, ఆ చోటు తాలూకు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఫోన్లో అందరికీ తెలిసేలా పెడతారు. మిగతావాళ్ళు ఫోను చేత్తో పట్టుకుని పార్కుల్లోనూ, పాత గోడల వెంబడీ తచ్చాడతారు. దొరికితే లోపలున్న కాగితం చుట్ట మీద పేరు రాసి, డబ్బాని తీసిన చోటే, తీసినట్టే మళ్ళీ పెట్టేసి, దారిన పోయేవాళ్ళ కంట పడకుండా జారుకుంటారు. దమ్మిడీ ఆదాయం లేని వ్యవహారం. గడ్డాలు నెరిసినవాళ్ళ దాగుడుమూతలని ఆమె ఆటపట్టించేది. అతను నవ్వి ఊరుకునేవాడు. వర్క్‌షాపులో పని అయ్యాక బోల్టుల్ని లోపల డొల్లగా చేసి, అందులో కాగితం చుట్టి, నిజం బోల్టుల మధ్య బిగించి వచ్చేవాడు. వాటిని కనిపెట్టాలంటే తల ప్రాణం తోకకి వచ్చేది. గుంపులో అతని అసలు పేరు మర్చిపోయి అందరూ బోల్టు అనే పిలిచేవారు.

దాచడంలో బోల్టు మొనగాడైతే వెతకడంలో లెక్కల మాస్టారు మొనగాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. బోల్టు దాచిన ప్రతిదీ ముందు మాస్టారికే దొరకాలి, అది ఇద్దరి పంతం. అలాంటి మాస్టారు రైలు పట్టాల మీద ఉన్న ఇనప వంతెన దగ్గర, బోల్టు దాచినదాని కోసం కమ్మీల అవతలికి దిగి, పట్టు తప్పి కిందపడి చనిపోయాడు. బోల్టుని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. ఆటలో ఉన్నదే, ఎవరి జాగ్రత్తలో వాళ్ళుండాలి అన్నారు. అంత్యక్రియలు అయిన మర్నాటినుంచే అతను ఇంట్లో కనపడటం తగ్గింది.

కొన్నాళ్ళకి వర్క్‌షాపు యజమాని, మిషన్ దగ్గర మనిషి ఉన్నదీ లేనిదీ తెలియక చిరాకుపడి, ఆ లేత్ మీద ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. బోల్టు ఇక ఇల్లు కదలడం మానేశాడు. దాంతో ఒంటిమీది ఆయిలు వాసన కూడా పోయింది. ఆమెకి అప్పుడు మొదలయ్యాయి అసలు తిప్పలు. సాయంత్రం మొదలుపెడితే పడుకునేదాకా వెతకడమే. దొరక్కపోతే కంచంలో భోజనం పెట్టి, మూతపెట్టి పడుకునేది. పొద్దున కంచం ఖాళీగా ఉంటే ప్రాణం లేచొచ్చేది. తర్వాత్తర్వాత సగమే ఖాళీ అయ్యేది.

ఇక లాభం లేదని గుంపుని పిలిచింది. వెతకడం వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుందనుకుంది. ఆదివారం పొద్దున్నే దిగారు అందరూ, టార్చిలైట్లూ, కర్రకి కట్టిన చిన్న అద్దాలూ తెచ్చుకుని. వాళ్ళలో అందరూ పెద్దాయన అని పిలిచే రిటైరైన సర్వేయరు, ఒక డెంటిస్టు, కవల అక్కచెల్లెళ్ళు ఉన్నారు. మొహాల్లో జాలి ఉంది గానీ దాని వెనక ఉత్సాహం కూడా దాగలేదు. బోల్టు దాచినవి వెతకడమే గొప్పైతే, ఇప్పుడు బోల్టునే వెతకడం. ఆమె వంటింట్లో వాళ్ళకి టీ పెడుతుంటే ముందు గదిలో చప్పట్లు వినపడ్డాయి. పొయ్యి ఆర్పి పరిగెత్తుకొచ్చేసరికి అందరూ చేతులు దులుపుకుంటున్నారు.

"ఏడీ?" అంది.

"పెట్టేశాం వదినా," అన్నాడు డెంటిస్టు తృప్తిగా. "ఎక్కడివాణ్ణి అక్కడే. అంగుళం కూడా కదపలేదు."

"ఎక్కడ పెట్టారు?"

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. చోటు బయటపెట్టడమంటే వాళ్ళలో అంతకన్నా తలవంపులు లేవు. చివరికి పెద్దాయనకి మనసు కరిగి, గొంతు తగ్గించి, "క్లూ ఇస్తానమ్మా, మరీ పైకి చూడకు" అన్నాడు.

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎలా ఉన్నాడు, ఏమన్నా అన్నాడా అని అడిగింది. కాస్త చిక్కాడు, గడ్డం పెరిగింది, ఏమీ అనలేదు అని చెప్పి టీలు తాగి వెళ్ళారు. ఆ రోజంతా ఆమె మరీ పైకి చూడకుండా వెతికింది. దొరకలేదు.

గుంపు ఆ సంగతి ఫోన్లో పెట్టడంతో వేరే ఊళ్ళనుంచి కూడా వెతికేవాళ్ళు రావడం మొదలైంది. ఆమె గుమ్మంలోనే ప్రతివాళ్ళకీ చేతులు జోడించేది. దొరికితే పెట్టెయ్యకండి, నేను వచ్చేదాకా గట్టిగా పట్టుకోండి అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది. అలాగే అలాగే అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాటు, చెప్తే వింటుందా. కవలల్లో చిన్నది ఒకరోజు ఒక్కతే వచ్చి, అతన్ని కనిపెట్టి, ఆమె వచ్చేసరికి ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడి ఉంది. "తీసి నీకిద్దామనే అనుకున్నానక్కా," అని బావురుమంది. "చెయ్యి దానంతటదే పెట్టేసింది."

ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అతను దొరకలేదు. ఎంత ఆరితేరినవాళ్ళు వచ్చినా సాయంత్రానికి తలదించుకుని వెళ్ళారు. కంచంలో భోజనం పెట్టింది పెట్టినట్టే ఉండిపోతోంది. ఆమెకి లాండ్రీలో ఇస్త్రీపెట్టె కింద బట్ట ఉందన్న ధ్యాస కూడా ఉండటం లేదు. ఇంటికొస్తే గోడల్ని రెండు చేతులతో తడుముకుంటూ, మూలల్లో గాలిని కౌగిలించుకుంటూ తిరిగేది. ఎక్కడ పడుకుని ఉన్నాడో, పొరపాటున తొక్కుతానేమోనని కాళ్ళు ఈడుస్తూ నడిచేది. ఏమండీ, ఒక్కసారి దగ్గండి చాలు అని బతిమాలేది. దగ్గు కాదు కదా ఊపిరి చప్పుడు కూడా వినపడేది కాదు. ఆకలితోనే అయిపోతాడని ఆమెకి అర్థమైంది.

అలాంటి సమయంలో పెద్దాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూచోమన్నా కూచోలేదు.

"వచ్చినవాళ్ళంతా ఫోన్లో దొరకలేదనే రాస్తున్నారమ్మా," అన్నాడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "వరుసగా ఇలా రాస్తే ఆ చోట లేదనే లెక్క. ఆదివారం మ్యాపులోంచి తీసెయ్యాలి."

"ఆయన మనిషండీ. డబ్బా కాదు."

"తెలుసమ్మా. తీసేశాక మరి..." అని ఆగాడు. మ్యాపులోంచి తీసేసినవాటి కోసం తనూ కొన్నిసార్లు వెళ్ళి చూశాడట. చోటైతే అలాగే ఉంటుందట, అందులో ఏమీ ఉండదట. ఆ మాట చెప్పి, ఆమె మొహం చూడలేక మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆమె లాండ్రీకి వెళ్ళలేదు. మాస్టారి భార్య దగ్గరికి వెళ్ళింది. వెళ్ళకూడని చోటు ఈ లోకంలో ఒకటుంటే అదే అని తెలుసు. మాస్టారు పోయాక ఆవిడ ఈ గుంపులో ఎవరి మొహమూ చూడలేదు. ఆమె ఒకసారి వెళ్తే తలుపు తియ్యలేదు. ఆవిడ ఒక క్లినిక్‌లో చీటీలిచ్చే కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఆమె రోగుల వెనకే వరసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగింది.

"ఎవరికి చూపించుకోవాలి?" అంది ఆవిడ తలెత్తకుండా.

"మీకే అక్కా."

ఆవిడ తలెత్తి చూసింది. ఆమె చెప్పాలనుకుని కూడగట్టుకొచ్చిన మాటల్లో, ఆయన తినడం లేదక్కా అన్నదొక్కటే బయటికొచ్చింది. వెనకనున్నవాళ్ళు సణుగుతున్నారు. ఆవిడ చాలాసేపు చేతిలో పెన్ను అలాగే పట్టుకుని, డ్యూటీ అయ్యేదాకా కూచో అంది.

సాయంత్రం ఇద్దరూ ఆమె ఇంటికి నడిచి వచ్చారు. ఆవిడ ఇంట్లోకి వచ్చి దేన్నీ వెతకలేదు. అటూ ఇటూ చూడను కూడా లేదు. ముందు గది మధ్యలోకి కుర్చీ లాక్కుని కూచుంది.

"ఆ రోజు ఆయన ఫ్లాస్కు నిండా టీ పోయించుకున్నాడు," అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టే. "ఒక్కరికి అంతెందుకండీ అన్నాను. దాచినవాడు చాటుగా నిలబడి చూడటం కూడా ఆటేనోయ్, బోల్టుగాడు ఏ స్తంభం వెనకో నిలబడి నా తిప్పలు చూసి నవ్వుకుంటూ ఉంటాడు, దొరికాక వాడికీ పొయ్యాలి కదా అన్నాడు. నువ్వక్కడే ఉన్నావు. నాకు ఆవేళ నుంచీ తెలుసు."

గుమ్మం పక్కన నిలబడ్డ ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. ఆ రోజు వర్క్‌షాపులో ఉన్నానని అతను ఆమెకి చెప్పాడు.

"పిలిచాడా?" అని అడిగింది ఆవిడ.

కింది వాటాలో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"పిలిచాడు."

కిటికీ పక్కన, ఆమె రోజూ తడిమే గోడకే ఆనుకుని ఉన్నాడు. ఎముకలగూడు. ఆమె నోరు చేత్తో గట్టిగా మూసుకుంది, ఏడుపు వినిపిస్తే ఎక్కడ మళ్ళీ పోతాడోనని. అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. కమ్మీకి అవతల వేలాడుతూ మాస్టారు, ఉన్నావు కదరా, రా అని పిలిచాడట. క్లూ అడుగుతున్నాడనుకున్నాడట. నవ్వు ఆపుకుని స్తంభం వెనక ఇంకాస్త ఒదిగాడట. రెండోసారి పిలుపు రాకపోతే అప్పుడు తొంగిచూశాడట. జనం పోగయ్యి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా ఆ చాటునుంచి బయటికి రావడానికి కాళ్ళు రాలేదట. ఆ తర్వాత ఇక ఎక్కడా బయటపడటం చేతకాలేదన్నాడు.

చెప్పడం అయిపోయింది. గోడ సున్నం అతని భుజంలోంచి కనపడటం మొదలైంది. ఆవిడ చటుక్కున లేచి అతని మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆవిడ చేతిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో, అతను ముందుకి తూలాడు.

"క్షమించమని మాత్రం అడక్కు," అంది.

"అడగనక్కా."

"అడిగినా నావల్ల కాదు. కానీ నువ్వు కూడా లేకుండా పోతే నేనెవర్ని తిట్టుకుంటూ బతకాలి? రేపట్నుంచి రోజూ నా డ్యూటీ అయ్యేవేళకి క్లినిక్ బయటికి వచ్చి నిలబడు. చాటుగా కాదు, ఎదురుగా. నువ్వు నాకు కనపడాలి."

అతను తలూపాడు. భుజం మళ్ళీ భుజంలా ఉంది. ఆమె వంటింట్లోకి పరిగెత్తి, కంచంలో వడ్డించి తెచ్చి వాళ్ళిద్దరి మధ్యా పెట్టింది. అతను నేలమీద చతికిలబడి, ఒక్కో ముద్దా కష్టంగా మింగుతూ తిన్నాడు. ఆవిడ కూడా పక్కనే కూచుంది. అతను తినడం అయిపోయేదాకా తను పట్టుకున్న ఆ రెండో చెయ్యి వదల్లేదు.