కడలిపొరుగు గ్రంథాలయము

తుపాను వెలసిన కార్తికప్రభాతమున ధౌతవస్త్రమువలె నిర్మలమైన యాకాశమునుండి బాలభానుకిరణములు దిగివచ్చి ఫేనపుంజశోభితతరంగములపై కొంతసేపు నర్తించి ఉప్పాడచేరువ నొక పల్లెయందలి గ్రంథాలయపు పెంకులమీద విశ్రమించెను. ఆ గ్రంథాలయమునకును కడలికిని నడుమ పూర్వ మొక వీధియు సరుగుడుతోపును విశాలసైకతమును నుండెడివి. ఇప్పు డఱువదియడుగుల యిసుక మాత్రము మిగిలియున్నది.

అచ్చట ముప్పదియేండ్లుగా గ్రంథాలయాధికారిణి తంగిరాల భ్రమరాంబ. తాళపత్రములకు నిమ్మగడ్డితైలము పూయుచు పొత్తముల కెండ చూపుచు పొద్దుపుచ్చు నామె యొక్క యాకునైనను గడప దాటనిచ్చునది కాదు. పరహస్తము చేరిన పుస్తకము పోయినదే యన్న పెద్దలమాట యామెకు వేదవాక్యము. ఆ పొత్తములలో గాలుల రాకపోకలను గూర్చి పూర్వపు జాలరులు చెప్పగా నెవరో లిఖించిన తాళపత్రగ్రంథ మామె గారాలబిడ్డ. లోకమున దానికి వేఱుప్రతి లేదు. కడలి చేరువైన నిజము పైవారికి తెలిసినచో నగరమునుండి లారీ వచ్చి బిడ్డలవంటి తన పొత్తములను గొనిపోవునను భయముచేత ఆ సాధ్వి యేటేట నివేదికలో "ఈ భవనమున కెట్టి యపాయమును లేదు" అని నిబ్బరముగా వ్రాయుచుండెను.

ఆ యుదయమున దూరసముద్రమధ్యమందలి యొక చిన్నదీవి గ్రంథాలయమునుండి లోసా యను నధికారిణి వ్రాసిన లేఖ వచ్చెను. "మా దీవిని కడలి దినదినమును మ్రింగుచున్నది. మా తల్లుల జోలపాటల ప్రతులను దాచుటకై లోకమందలి గ్రంథాలయముల నివేదికలను వెదకితిమి. తీరమున నుండియు నపాయ మెఱుగనిది మీ దొక్కటియే. మా పాటలకు మీ యింట చోటీయుడు."

భ్రమరాంబకు నవ్వును నేడుపును జమిలిగా వచ్చినవి. చెంత అట్టలు కుట్టుచున్న ముసలి సత్తియ్యకు లేఖ చదివి వినిపించెను.

"ఉన్నమాట రాసేయండమ్మగారూ. మొన్న తుపానుకి కెరటమొచ్చి మన అరుగు పట్టుకుపోయింది కదండీ" అనె నతడు.

"ఉన్నమాట వ్రాసినచో మన పుస్తకము లిక్కడ నుండవు."

"రాయకపోతే మాత్రం ఉంటాయేటండి?"

ఆమె కోపించి వెలుపలికి పోయి యరుగు పోయిన చోటును చూచి వచ్చెను. పిమ్మట కాగితము దీసి తాను వ్రాసినదెల్ల ననృతమనియు ప్రేమచే నట్లు చేసితిననియు లోసాకు విన్నవించి, పాటలను పంపవలదని ప్రార్థించెను.

నెలదినములకు బదులు వచ్చెను. "అక్కా, మీ లేఖ చదివి నవ్వి నవ్వి కన్నీరు తుడుచుకొంటిని. మన యిద్దఱకును కడలియే పొరుగు. కొండలయందు నాకు తెలిసిన గ్రంథాలయ మొకటి కలదు. వారికి కార్చిచ్చు భయము. మువ్వురమును ఒకరి ప్రతుల నొకరము దాచుకొందము. నీరును నిప్పును ఒక్కనాడే మూడిండ్లకు రాజాలవు గదా."

అంతట భ్రమరాంబ గాలుల గ్రంథపు టాకులను విప్పి ఛాయాచిత్రములు దీయించి, ఇంగ్లీషున నర్థము వ్రాసి, ఇరువురకును పంపెను. ఆ యేటి నివేదికలో నిజము వ్రాయగా లారీయు వచ్చెను. పొత్తములన్నియు మెట్టకు తరలినను గారాలబిడ్డను మాత్రము "ఇంకొక్కదినము" అని తనకడనే నిలుపుకొనెను. ఆ దినముననే పొంగిన కడలి గోడను గూల్చి బీరువాతో నా గ్రంథమును గొనిపోయెను. సత్తియ్య చేయిపట్టి యీడ్చుకొనిరాకున్న నామెయు దక్కియుండదు. తన మోహమే దానిని ముంచెనని యామె చాలదినములు వగచెను.

మెట్టమీది క్రొత్తగదికి కొండలవారి లేఖ వచ్చెను. "కడలి నెన్నడును చూడని మా పిల్లలు మీ గ్రంథమును ప్రతిదినమును చదువుచున్నారు. ఇరువదినాలుగవ యాకున పడవలను పిలుచు గాలి యని యున్నది. అది యెట్టిదో చెప్పుడు."

ముప్పదియేండ్లలో నా ప్రశ్న నెవ్వరు నడుగలేదు. అడుగుట కామె యెవ్వరిచేతికి నిచ్చినది గనుక? బదులు తనకును తెలియదు. సిగ్గుతో జాలరిబిడ్డయైన సత్తియ్యవంక జూచెను.

"అదాండి? తూరుపునుంచి సల్లగా తోలుద్దండి. ఎనకాల వానుంటది. అది తగిలితే పడవలు తిరిగొచ్చేయాలండి."

"ఇన్నియేండ్లు నాకేల చెప్పలేదు సత్తియ్యా?"

"మీరడగలేదు కదండీ."

భ్రమరాంబ కుర్చీ నతని చేరువకు జరుపుకొని కలము తెఱచెను. "మెల్లగా చెప్పుము. దూరదేశములవారు మనకొఱకు వేచియున్నారు."