మేడ కిందికి దిగిన సాయంత్రం

పైనమ్మ పొద్దున్న ఏడింటికల్లా అరవై ఒకటో అంతస్తు చేరుకుని ముందు రెయిలింగు తుడుస్తుంది, తరవాత అద్దాలు. అసలు పేరు వేరే ఉంది గానీ వీధి వీధంతా పైనమ్మే అంటారు. ఊరంతా కనబడే ఆ డాబాకి ఇరవై రెండేళ్ళుగా ఆవిడే కాపలా. వచ్చినవాళ్ళని, నొక్కితే టిక్కుమని అంకె మారే చిన్న యంత్రంతో లెక్కపెట్టడం ఉద్యోగం. వాళ్ళ పక్కన నిలబడి "అదిగో మీ ఇల్లు" అని చూపించడం ఉద్యోగంలో లేని పని. ఎక్కువగా చేసేది అదే.

ఆ డాబా సంగతి కొంచెం చెప్పాలి. అంత ఎత్తు కట్టుకోనిస్తే పై అంతస్తు జనానికి ఉచితంగా వదిలేస్తామని కంపెనీవాళ్ళు నగరపాలక సంస్థకి రాసిచ్చారు. చివర్లో ఓ మెలిక పెట్టారు. ఏ రోజైనా బయటి మనిషి ఒక్కరూ రాకపోతే, జనానికి అక్కర్లేదని రాసుకుని తలుపు మూసేసుకోవచ్చు. కొత్త మేనేజరుకి అక్కడ డైరెక్టర్ల భోజనాల గది పెట్టాలని ఉంది. పైనమ్మ కోసం నేల కింద, కార్లు నిలిపే చోట ఓ కుర్చీ కూడా చూసి ఉంచాడు.

మేడకి కూర్చునే అలవాటుందని వేరే చెప్పక్కర్లేదు. గాలి ఎక్కువైనప్పుడో, నడుం పట్టేసినప్పుడో రెండు మూడంతస్తుల మేర నేలలోకి దిగి కూర్చుంటుంది. అడుగు అంతస్తులవాళ్ళకి వెలుతురు కాస్త తగ్గుతుంది, అంతే. కప్పులో కాఫీ తొణకదు. పోస్టుమాన్ అదను చూసుకుని వచ్చి నాలుగో అంతస్తు ఉత్తరాలు కిటికీలోంచి అందించేస్తాడు. తనిఖీకొచ్చిన ఇంజనీరు కూడా, కూర్చునే ముందు గంట కొడితే చాలన్నాడు.

ఆ వేళ ఒకటే పొగమంచు. ఎనిమిదింటికి కింద లిఫ్టుకి "మరమ్మతు" బోర్డు వేలాడింది. పదకొండింటికి ఇద్దరు కాలేజీ పిల్లలు మెట్లెక్కడం మొదలుపెట్టి, తొమ్మిదో అంతస్తులో మనసు మార్చుకున్నారు. సాయంత్రం నాలుగున్నరయింది. యంత్రం మీద సున్నాయే. మూసే వేళ అయిదున్నర.

పైనమ్మ వదినకి ఫోన్ చేసింది. వదినంటే మొగుడికి అక్క. వీధికి అవతల బట్టలు కుట్టే కొట్టు ఆవిడదే.

"నువ్వైనా రా వదినా."

"బావుంది. లిఫ్టు తలుపు మూసుకుంటే నాకు ఊపిరాడదని తెలుసుగా."

"లిఫ్టు లేదు. మెట్లున్నాయి."

"అయితే నా మోకాళ్ళు నీకిస్తాను, నువ్వు ఎక్కి చూపించు."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి రాలేదు నువ్వు."

"ఎందుకే రావడం? నా కొట్టు ముందు ఎవరెంతసేపు నిలబడ్డారో పైనుంచి చూసి ఇంట్లో చాడీలు చెబుతూనే ఉన్నావుగా."

పైనమ్మ యంత్రం మీది సున్నా వంక చూసింది. "రేపట్నించి చాడీలుండవులే. నన్ను నేల కింద కూర్చోబెడతారట."

అవతల కుట్టుమిషను ఆగింది. "పిచ్చిదానా, పొద్దున్నే చెప్పొద్దూ," అంది వదిన. పొద్దున్నే చెబితే ఏం చేసి ఉండేదో ఆవిడకీ తెలీదు.

అప్పుడు గంట మోగింది. మేడ కూర్చోవడం మొదలుపెట్టింది. మూడంతస్తులు దిగింది, ఆగలేదు. పదీ ఇరవై దిగింది. ఎదుటి కట్టడాల నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, వీధిదీపాలు రెయిలింగు పక్కనుంచి ఒక్కొక్కటే పైకి పోయాయి. చివరికి డాబా వచ్చి కాలిబాటకి ఆనుకుంది.

"ఇవాళ బాగా దిగిందే," అన్నాడు మందుల షాపాయన.

వదిన మెడలో టేపుతో, పళ్ళ మధ్య గుండుసూదులతో వీధి దాటి వచ్చింది. అంచు దగ్గర ఆగి సూదులు చేతిలోకి తీసుకుంది. "దీనికి తలుపులు లేవుగా?"

"ఎదురుగా కనబడుతుంటే ఇంకా అడుగుతావేం?"

"నిన్ను నమ్మి రావడం నా ఖర్మ," అంటూ వదిన కాలు పెట్టింది. యంత్రం టిక్కుమంది.

ఆవిడ వెనకాల మందుల షాపాయన, ఆయన దగ్గర దగ్గుమందు కొనడానికొచ్చినవాళ్ళు, బస్సు వచ్చినా ఎక్కకుండా నిలబడ్డవాళ్ళు, ఓ కుక్క. కుక్కని లెక్కెయ్యాలా అని పైనమ్మ కాస్త తటపటాయించి, న్యాయంగా పోదామనుకుని మానేసింది. అందరూ సర్దుకున్నాక మేడ నింపాదిగా లేచి, మంచు దాటి, ఎండలోకి వెళ్ళింది.

అయిదున్నరకి మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన పొద్దుటినుంచీ కింద హాల్లో లిఫ్టు పక్కనే కూర్చుని ఉన్నాడు. మధ్యలో కాస్సేపు చీకటిగా అనిపిస్తే దీపం వేసుకున్నాడు.

"సున్నాయేగా అమ్మా? రాసేస్తున్నాను."

"నలభై మూడు సార్."

"నా ముందునుంచి ఒక్కరూ పోలేదే."

"మీ దారిన రాలేదు సార్." పైనమ్మ ఫోన్ జనం వైపు పట్టుకుంది. ఆయన ఆ గోలంతా విని, నిట్టూర్చి, నలభై మూడు అని రాసుకున్నాడు. లిఫ్టుకి వేలాడుతున్న బోర్డు కూడా తనే తీయించాడు. మేడ రోజూ అంత కిందికి కూర్చుంటే ఆయన గదికి వెలుతురుండదు మరి. కార్ల దగ్గర కుర్చీని ఇంకెవరో తీసుకెళ్ళి టీవీ ముందు వేసుకున్నారు.

వదిన మాత్రం రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, కదలకుండా నిలబడింది. మంచు విడిపోతోంది.

"కొట్టు తలుపు తీసే వచ్చేశావు," అంది పైనమ్మ. "లిఫ్టు బాగైందట. దిగుతావా?"

"ఉండవే. ఆ చివర మెరుస్తున్నదేమిటి?"

"సముద్రం."

వదిన చాలాసేపు చూసింది. "ఇంత దగ్గరా?" అంది.