ఎనిమిది కాలర్ల బావి

కాంట్రాక్టరు కొట్టిన చెంపదెబ్బకి డ్రిల్లరు నోట్లో రక్తం ఉప్పగా ఊరింది. బావి తొలిచే యంత్రం బ్రేకు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"పొద్దుటి నుంచీ మూడడుగులు! తవ్వుతున్నావా, బావికి జోల పాడుతున్నావా? పది టన్నులు నొక్కమన్నానా లేదా?"

"పైపు విరిగిపోతుంది సార్. కింద కాలర్లు ఎనిమిదే ఉన్నాయి."

"ఒక్కోటీ టన్నుంపావు. ఎనిమిదీ కలిపితే పది. నాకే లెక్కలు చెప్తావేంట్రా?"

"అది నేల మీద బరువు సార్. బావి నిండా బురద. అందులో మునిగాక ఎనిమిదిన్నరే తూగుతాయి."

కాలర్లంటే పైపుల అడుగున బిగించే మందపాటి ఇనుప గొట్టాలు. వాటి బరువే రాతిని తొలిచే బిట్టును కిందికి నొక్కాలి. వాటిపైన సన్న పైపులు తాడులా లాగిపట్టి వేలాడుతుండాలి. నొక్కుడు ఆగి లాగుడు మొదలయ్యే చోటును న్యూట్రల్ పాయింట్ అంటారు. అది కాలర్లు దాటి పైకెక్కిందా, సన్న పైపు తిరుగుతూనే విల్లులా వంగి తెగుతుంది. పది టన్నులు నొక్కి ఇంకాస్త మిగలాలంటే పన్నెండు కాలర్లుండాలి. పోయిన వారం దాకా ఉన్నాయి కూడా. నాలుగింటిని కాంట్రాక్టరు తన రెండో బావికి ఎత్తుకుపోయాడు.

పైపును తిప్పే ఇనుప బల్ల పక్కన, పైపులు బిగించే గొలుసు పట్టుకుని నిలబడ్డ డ్రిల్లరు బావమరిది నవ్వాడు. "సారుని కూడా ఓసారి బురదలో ముంచి తూద్దాం బావా, తేడా తెలిసొస్తుంది!"

కూలీలంతా గొల్లుమన్నారు. కాంట్రాక్టరు మొహం కందగడ్డయింది. "నొక్కుతావా, బావా బావమరుదులిద్దరూ మూటాముల్లే సర్దుకుంటారా?"

డ్రిల్లరుకి ఇంట్లో పొయ్యి కళ్లముందు కదిలింది. బ్రేకు వదిలాడు. బిట్టు మీద పడే బరువు చూపే ముల్లు పది మీదికి పాకింది.

కాసేపు బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగింది. "చూశావా!" అని కాంట్రాక్టరు మీసం దువ్వాడు. అంతలో నేల అడుగున ఏదో ఫట్‌మంది. మెలితిరిగి ఉన్న ఇనుమంతా ఒక్కసారిగా విడివడింది. బల్ల పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి బావమరిది చేతిలోని గొలుసును లాక్కుంది. గొలుసు ఒక చుట్టు తిరిగొచ్చి వాడి దవడ పగలగొట్టింది. మరో చుట్టులో మోకాలి కింద ఎముకను రెండు చేసింది. డ్రిల్లరు బల్లను ఆపేసరికి వాడు బురదలో పడి కొట్టుకుంటున్నాడు. 'బావా' అనబోయాడు. పళ్లు రాలాయి గాని మాట రాలేదు.

వాణ్ణి చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. విరిగి లోపల ఉండిపోయిన సరుకును పైకి లాగేసరికి మర్నాడు సాయంత్రమైంది. సన్న పైపు కాలర్లకు కాస్త పైనే తెగింది.

"పాత పైపు. మార్చి దించండి," అన్నాడు కాంట్రాక్టరు. అవే ఎనిమిది కాలర్లు మళ్లీ అడుగుదాకా దిగాయి. అతను ఇంకో కూలీని బల్ల దగ్గరికి నెట్టాడు. "ఊఁ, పది టన్నులు."

డ్రిల్లరు వంగి, రక్తం ఎండిన గొలుసు తీశాడు. బ్రేకుకు రెండు చుట్లు చుట్టి బిగించి, దాన్ని పిడికిట పట్టుకున్నాడు.

"నాలుగు కాలర్లు తెప్పించండి సార్."

"చెయ్యి తియ్యరా!"

"తియ్యను."

కాంట్రాక్టరు పైపు రెంచీ అందుకున్నాడు. మొదటి దెబ్బకి రెండు వేళ్లు చితికాయి. పిడికిలి వీడలేదు. రెంచీ మళ్లీ లేచింది. బల్ల దగ్గర నిలబెట్టిన కూలీ అటూ ఇటూ చూశాడు, మెల్లగా బల్లను వదిలి వచ్చి డ్రిల్లరు పక్కన నిలబడ్డాడు.

ముల్లు సున్నా మీదే వణుకుతోంది.