నాకు గుర్తుండే ఒకే ఒక్క అంకె

నేను ఒక థర్మామీటర్‌ని. పాదరసం నింపిన పాత గాజు రకం కాదు, బ్యాటరీతో బతికే ప్లాస్టిక్ రకం. అంకెల్లో నాకు గుర్తుండేది ఒక్కటే, ఆఖరిసారి చూసిన జ్వరం. బొత్తం నొక్కగానే ముందు ఆ అంకె కనిపిస్తుంది. కొత్తది చూస్తే పాతది చెరిగిపోతుంది. మిగతా నా జీవితమంతా కలలాగే లీలగా తెలుస్తుంది.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రివాళ్లు నన్ను ఒక రాత పుస్తకంతో పాటు నీలం సంచిలో పెట్టి నూకరత్నానికి ఇచ్చారు. ఆమె ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికే కాలేయానికి పాకింది. పాత మందులు పనిచేయడం మానేశాయి. రెండు కొత్త మందులు కలిపి ఇచ్చి చూసే పరీక్షలో ఆమెను చేర్చుకున్నారు. విమలా సిస్టర్ ఆమెకూ, భర్త అప్పలస్వామికీ విడమరిచి చెప్పింది. ఈ మందులు ఒంట్లో నిద్రపోతున్న కాపలావాళ్లను లేపుతాయి. రెండూ కలిసి లేపినప్పుడు ఒక్కోసారి వాళ్లు సొంత ఇంటి మీదే పడతారు. అందుకే రోజూ రెండుపూటలా జ్వరం చూసి రాయాలి. నూరు దాటితే వెంటనే ఫోన్ చేయాలి.

రత్నం నాలుక కింద వెచ్చటి చీకటి ఉండేది. దూరంగా అల విరిగినట్టు గుండె చప్పుడు వినిపించేది. నిమిషంపాటు అందులో తేలి, నా కూతకి నేనే మేలుకునేదాన్ని.

రెండో విడత మందు ఎక్కాక ఆ చీకటి వేడెక్కింది. నేను నూటొకటి చూపించాను. ఆమె నన్ను కొంగుతో తుడిచి, పుస్తకంలో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని రాసింది. మర్నాడూ అదే. జ్వరం వచ్చినవాళ్లు పరీక్ష తప్పినట్టేనని ఆమె అనుకుంది. మనుషులు నిజం తెలుసుకోవడానికి నన్ను తెచ్చుకుంటారు, తెలిశాక దాచుకుంటారు. అప్పలస్వామి దగ్గర కూడా దాచింది. దగ్గు వస్తే ధూళి అంది.

మూడో విడతకి వెళ్లినప్పుడు విమలా సిస్టర్ పుస్తకం తిరగేసింది.

“పదకొండు రోజులుగా ఒకే అంకేంటి రత్నమ్మా? నీ ఒళ్లేమైనా గోడ గడియారమా, ఆగిపోయి ఉండడానికి?”

సంచిలోంచి నన్ను తీసి బొత్తం నొక్కింది. నాకు తెలిసిందల్లా చూపించడమే. నూటొకటి పాయింట్ ఆరు.

అప్పలస్వామి భార్యకేసి చూశాడు. ఆమె తల దించుకుంది.

“నన్ను తీసీకండమ్మా. ఈ మందు తప్ప నాకింకేటీ లేదు.”

“రాస్తే తీసెయ్యరు రత్నమ్మా. రాయకపోతే నీకేం చెయ్యాలో మాకు తెలీదు.”

ఊపిరితిత్తులు వాచాయని స్కానింగులో తేలింది. మందులు ఆపి, వాపు తగ్గే బిళ్లలు ఇచ్చారు. తగ్గాక రెంటిలో ఒక మందు మాత్రం మళ్లీ మొదలుపెట్టారు. గడ్డ పెరగకుండా ఏడు నెలలు ఆగింది. మూడు వారాలకోసారి బుధవారం నాడు ఇద్దరూ బస్సెక్కి వెళ్లేవారు. పుస్తకంలో అంకెలు ఎగుడుదిగుడుగా ఉండేవి. అన్నీ నేను చెప్పినవే.

తర్వాత గడ్డ మళ్లీ కదిలింది. ఆఖరి ఉదయం ఆమె చెయ్యి లేవలేదు. అప్పలస్వామే నన్ను ఆమె నాలుక కింద పెట్టాడు. అల చప్పుడు చాలా దూరం నుంచి వచ్చింది. తొంభై ఏడు పాయింట్ రెండు. అతను ఆ గడిలో అదే రాశాడు.

పుస్తకం ఆసుపత్రికి వెళ్లిపోయింది, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందట. నన్ను ఉంచుకోమన్నారు.

మొన్న అప్పలస్వామికి జ్వరం తగిలితే పక్కింటి పైడమ్మ దగ్గర థర్మామీటర్ అడిగాడు. ఇంట్లో ఒకటుంది కదా అని ఆవిడ అడిగింది.

“అది రత్నందమ్మా,” అన్నాడు.

ఇప్పటికీ మూడు వారాలకోసారి, బుధవారం పొద్దున, అతను నా బొత్తం ఒక్కసారి నొక్కుతాడు. ఆమె అంకె వెలుగుతుంది. నొక్కినప్పుడల్లా నా బ్యాటరీ కొంచెం తరుగుతోంది. ఈ మధ్య అంకె పలచబడటం అతనూ గమనించాడు. కళ్లద్దాలు తుడుచుకుని, నాకు నేనుగా ఆరిపోయేదాకా చూసి, తొడుగులో పెడతాడు.