అయిదు చుట్ల వదులు

ఎదురు ప్రవాహంలో పడవ ముందుకు పోతోందో లేదో తెలియాలంటే నీళ్ళకేసి చూసి లాభం లేదు, ఒడ్డుకేసి చూడాలి. దేయనీరా ఒడ్డున ఒక ఎండుచెట్టుని గుర్తు పెట్టుకుని చూసింది. పది నిమిషాలైనా ఆ చెట్టు పడవ పక్కనే ఉంది.

"కదలట్లేదు," అంది.

"కదలదు వదినా," అన్నాడు వెనకనుంచి ప్లుతార్కో. "మోటారు పిడి చివరికంటా తిప్పే ఉంచాను. ఇంకా తిప్పితే నా చెయ్యి ఊడి నీ ఒళ్ళో పడుతుంది."

అత్రాతో నది మీద ముప్ఫై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్న మనిషి దేయనీరా. సోమవారం, గురువారం ఎగువ రేవులకి వెళ్ళి కూర అరటి గెలలు కొంటుంది, కిబ్దో బజారుకి తెచ్చి అమ్ముతుంది. పడవా మోటారూ ఆమెవి. నడిపేది పద్నాలుగేళ్ళుగా ప్లుతార్కో. ఆమె పెద్దకూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడింది అతనే, ఆ వరసనే వదినా అని పిలుస్తాడు. వానలకి కొట్టుకొచ్చిన దుంగలు నీటికింద ఎక్కడ దాక్కుని ఉంటాయో అతనికి తెలిసినట్టు ఆ నదిలో ఇంకొకరికి తెలియదు.

ఆ ప్లుతార్కో ఈ పొద్దున పడవ ఎక్కుతూనే చెప్పేశాడు, ఇదే తన ఆఖరి ట్రిప్పని. మణికట్టులో సత్తువ లేదట. తను తిప్పుతున్నా మోటారు వినడం లేదట. ఏడాదిగా ప్రతి రేవుకీ అందరికన్నా చివర చేరుతున్నామనీ, మంచి గెలలన్నీ ముందు వచ్చినవాళ్ళు ఎత్తుకుపోతున్నారనీ, ఇంకా కూర్చుని తింటే ఆమెకి అన్యాయం చేసినట్టనీ అన్నాడు. దానికి దేయనీరా దగ్గర ఒకే ఒక్క జవాబు ఉంది, అది చెప్పలేకపోయింది.

పదకొండు నెలల కిందట పెట్రోలు ధర పెరిగినప్పుడు ఆమె ఒక పని చేసింది. పిడి తిప్పితే లోపల ఒక ఉక్కు తీగ లాగుతుంది. ఆ తీగ లాగితే ఇంజన్‌కి పెట్రోలు అందించే కార్బురేటర్ తెరుచుకుంటుంది. తీగని కాస్త వదులు చేస్తే పిడి చివరిదాకా తిరిగినా కార్బురేటర్ ముప్పావే తెరుచుకుంటుంది, తాగేదీ తగ్గుతుంది. కిబ్దోలో సతుర్నీనో అనే మెకానిక్ చేత ఆ పని చేయించి, ఎవరికీ చెప్పొద్దంది. ప్లుతార్కోతో చెబితే నొచ్చుకుంటాడనుకుంది. ట్రిప్పుకో గ్యాలను మిగిలింది కూడా. అతను తన చేతిని అనుమానిస్తాడని మాత్రం ఆమె లెక్కలో లేదు. తెలిసేసరికి నాలుగు నెలలైపోయాయి. అప్పుడు చెప్పడం మొదట్లో చెప్పడంకన్నా కష్టం, పదకొండో నెలలో ఇంకా కష్టం.

"ఇసకదిబ్బకి పట్టు," అంది. "మూత తీసి చూద్దాం."

ఆ నదిలో మోటారు పైమూతకి తాళం వేస్తారు, తాళంచెవి యజమాని మెడలో ఉంటుంది. నడిపేవాడు పిడి పట్టుకుంటాడుగాని మూత ముట్టుకోడు. స్పార్కు ప్లగ్గులు మాయమవుతున్నాయని ఏ కాలంలోనో మొదలైన పద్ధతి. ఒకరు వేస్తున్నారని ఒకరు వేస్తూ వచ్చారు.

పడవని దిబ్బకి లాగి ఇంజన్ ఆపారు. ఆమె తాళం తీసింది. ప్లుతార్కో మూత ఎత్తి పక్కన పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని తలవంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వదినా, ఇలా రా. ఈ తీగ చివర చూడు. రెండు పోగులు తెగాయి. పిడి చివర ఆగిపోయినా నేను ఊరుకోకుండా మెలిపెడుతూనే ఉన్నాగా, అందుకు. అసలు సంగతి అది కాదు. ఇది చూడు."

తీగ తొడుగుని పట్టుకునే మరలున్న గొట్టంమీద రెండు నట్లు ఉన్నాయి. అవి ఇప్పుడున్న చోటుకి అయిదు చుట్ల అవతల, ఏళ్ళ తరబడి నట్లు కూర్చున్న మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎవరో జరిపారు," అన్నాడు.

దేయనీరా మెడలోని తాళంచెవిని గుప్పిట పట్టుకుంది.

"ఆ సతుర్నీనో గాడే," అన్నాడు తనే. "పోయినేడు పంపు మార్చడానికి ఇచ్చావు చూడు, అప్పుడు విప్పి బిగించడం మర్చిపోయాడు. తాగుబోతు వెధవ. పదకొండు నెలలు, వదినా. నా పెళ్ళాం రోజూ రాత్రి కొండచిలువ కొవ్వు కాచి ఈ చేతికి రుద్దింది. ఇల్లంతా ఆ కంపే."

అతని మొహం అంత వెలగడం ఆమె చూసి చాలాకాలమైంది. "అయ్యుంటుంది," అంది.

అతను పిడిని పూర్తిగా తగ్గించి పెట్టాడు. ఒక నట్టు వదులుచేసి రెండోది చుట్టుచుట్టుకీ ఆగుతూ జరిపాడు. తెగిన పోగులవల్ల తీగ సాగింది, దాంతో పాత మచ్చ దాటి ఇంకో అర చుట్టు జరిపితేగాని బిగువు రాలేదు. మరీ బిగిస్తే ఇంజన్ నెమ్మదిగా తిరగాల్సినప్పుడు కూడా అరుస్తుంది, అందుకని వేలితో నొక్కితే కాస్త ఆడేంత వదులు ఉంచాడు. తర్వాత స్టార్టు చేసి మోటారుని కుడికీ ఎడమకీ తిప్పాడు. ఎటు తిప్పినా శబ్దం మారలేదు.

"సరిపోయింది," అన్నాడు. "ఆఖరి ట్రిప్పన్న మాట మర్చిపో. నేనెక్కడికీ పోను."

దిబ్బ వదిలాక పడవ ముక్కు పైకి లేచింది. పదకొండు నెలలుగా అది నీళ్ళని తోసుకుంటూ పోయిందే తప్ప నీళ్ళమీద పరుగెత్తింది లేదు. దేయనీరా ముందు బల్లమీద కూర్చుంది. నడిపేవాడు మిగిలాడు, మోటారు బాగుపడింది, ఎవరికీ ఏమీ తెలియలేదు. ఏ రకంగా చూసినా ఆమెకి లాభమే. అయినా వెనక్కి తిరిగి అతనికేసి చూడలేకపోయింది.

సాంతా రీతా రేవుకి వాళ్ళే ముందు చేరారు. గెలలు చూస్తుండగా ఇంకో రెండు పడవలు వచ్చాయి. ఒకటి ఎలాదియో నడిపేది. అతని నోటికి ఆ నదిలో తాళం వేసినవాడు లేడు.

"ఏరా తాబేలూ, నిన్న రాత్రే బయల్దేరావా ఏంటి?" అన్నాడు ఎలాదియో దిగుతూనే. "లేకపోతే ఆ కొవ్వు పనిచేసిందా? నాక్కూడా కాస్త ఇవ్వు, మా ఆవిడ నేనూ నెమ్మదించానంటోంది."

గెలలు మోసేవాళ్ళు నవ్వారు. ప్లుతార్కో కూడా నవ్వాడు.

"నీది ఏ కొవ్వుకీ లేవదులే," అన్నాడు. "ఒరేయ్, అందరూ వినండి. నా చేతికి ఏమీ కాలేదు. సతుర్నీనో గాడు తీగ వదులుగా వదిలేశాడు. కళ్ళారా చూశాను. ఇకనుంచి ఏ మోటారూ వాడి దగ్గరికి పోకూడదు. శనివారం నేనే కిబ్దో వెళ్ళి వాడి కొట్టు ముందు నిలబడి కడిగేస్తాను."

"వాడా? మా రెండో మోటారు కూడా వాడి దగ్గరే ఉంది," అన్నాడు ఎలాదియో. "రేపే తెచ్చేసుకుంటా. ముసలాడు ఆకలితో చావనీ."

దేయనీరా చేతిలో ఉన్న గెలని కింద పెట్టింది. శనివారం లోపు ఎప్పుడైనా ప్లుతార్కోని పక్కకి పిలిచి చెప్పొచ్చని అతను ఆ మాట అన్నప్పుడు అనుకుంది. ఇప్పుడు శనివారం దాకా ఆగడానికి లేదు. మెల్లగా పక్కన చెప్పుకోవడానికీ లేదు, అతన్ని వెక్కిరించింది ఈ రేవులోనే, ఈ మనుషులే.

"సతుర్నీనో మర్చిపోలేదు," అంది. "నేనే వదులు చేయించాను. పెట్రోలు మిగుల్తుందని."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎలాదియో నవ్వాడు.

"అబ్బో, మా పడవ యజమాని కూడా ఇదే చేయించి ఉంటాడు," అన్నాడు. "ఒరేయ్, మూతలన్నీ విప్పించండ్రా." పక్క పడవవాడు నిజంగానే తన మోటారుకేసి చూసుకున్నాడు. దేయనీరా పేరు సాయంత్రానికి నదంతా తిరుగుతుందని ఆమెకి తెలుసు.

ప్లుతార్కో మాత్రం ఆమెకేసి చూడలేదు. గెల భుజానికెత్తుకుని పడవలోకి నడిచాడు. తర్వాత ఇంకోటి. అలా నలభై ఆరు గెలలు ఎక్కించాడు. ఎడమచేత్తో ఎత్తుతున్నాడు. కుడి మణికట్టు నిజంగానే వాచి ఉంది. ఆగిపోయిన పిడిని ఏడాదంతా మెలిపెట్టిన చెయ్యి అది.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నొచ్చుకుంటావని."

"నొచ్చుకునేవాణ్ణే. రెండు రోజులు నొచ్చుకునేవాణ్ణి."

పడవ దుంగలు తప్పించుకుంటూ పోతోంది.

"గురువారం వస్తాను," అన్నాడు కాసేపటికి. "ఇంకోడితో నువ్వు ఈ నదిలో మునుగుతావు. నీకోసం కాదు, నీ కూతురు నన్ను తిడుతుంది. కానీ ఈ సంగతి మా ఇంట్లో నేను చెప్పను, వదినా. నా పెళ్ళానికి నువ్వే చెప్పాలి. రుద్దిన చేతులు దానివి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇల్లు దారిలోనేగా."

మధ్యాహ్నం దాటింది. ఇంకో గంట ఆలస్యమైతే కిబ్దోలో గెలలు కొనేవాళ్ళు సర్దుకుని వెళ్ళిపోతారు, సరుకు రాత్రంతా పడవలోనే ఉండాలి. దేయనీరా అదంతా లెక్క వేసుకుంది. వేసుకున్నాక, "ఒడ్డుకి పట్టు," అంది.

నీటిమీద కర్ర స్తంభాల మీద నిలబడ్డ ఆ ఇంటి గుమ్మంలో ప్లుతార్కో భార్య బెర్తీల్దా చేపలు బాగుచేస్తోంది. పడవని చూసి చేతులు గౌనుకి తుడుచుకుని లేచింది. మొగుడి మణికట్టుకేసే చూస్తోంది.

"ఏమైంది? ఎక్కువైందా?" అని అడిగింది.

ప్లుతార్కో తాడు స్తంభానికి కట్టి, మోటారు పక్కనే కూర్చుండిపోయాడు. దేయనీరా ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగుతూ, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.