గాలికి ముస్తాబు

డబ్బాను ముట్టుకోవద్దనీ, కిటికీలు తెరవొద్దనీ ఇంట్లో అందరికీ చెప్పాను. తలుపు మీద రాసి అంటిద్దామనుకుని మానేశాను. నా నోటి మాట ఇక్కడ చెల్లదని నేనే ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

నేలమాళిగలో ఉన్నది మా అమ్మాయి గది. పక్కింటివాళ్ళ నేలమాళిగలో రేడాన్ ఎక్కువగా ఉందని తేలితే, వాళ్ళు గచ్చు తవ్వి పైపు వేయించుకున్నారు. రంగూ వాసనా లేని వాయువది. మట్టిలో పుట్టి నేల పగుళ్ళలోంచి ఇంట్లోకి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు కేన్సర్ రావచ్చు. మా అమ్మాయి మంచం కింద గచ్చు బీటలు వారి ఉంది. అందుకే పరీక్ష డబ్బా తెప్పించి, మంచం పక్కన స్టూలు మీద, పడుకున్నప్పుడు దాని ముక్కు ఉండే ఎత్తులో పెట్టాను. మూసిన గదిలో నిలిచిన గాలినే అది కొలవాలి.

గడువయ్యాక డబ్బాను ల్యాబుకు పంపితే ఫలితం వచ్చింది. బయటి గాలికీ ఆ గది గాలికీ పెద్ద తేడా లేదట.

"చూశావా? పక్కింటావిడ తుమ్మితే నీకు జలుబు చేస్తుంది," అన్నారు మావారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

అమ్మాయి బడిసంచి సర్దుకుంటూ, "అయితే నానమ్మా, ఇంక కిటికీలు తెరవక్కర్లేదుగా? చలికి చచ్చాను," అంది.

"తెరవకపోతే ఎలాగే? నలుగురూ చూసే గాలి అది," అన్నారు అత్తయ్య. "ముక్కిపోయిన కంపు పంపించి, వీళ్ళింట్లో చీపురు కూడా లేదనిపించుకోమంటావా? సబ్బునీళ్ళతో గచ్చు కడిగి, ఫ్యాను పెట్టాను. అందుకేగా పాసైంది!"

ఆవిడ కళ్ళలో గర్వం. చుట్టాలొస్తున్నారంటే పిల్లకు మొహం కడిగి పౌడరు రాసినట్టు, గాలికి ముస్తాబు చేశారు. వింతేమిటంటే, ఆవిడ మీద నాకు కోపం రాలేదు. పక్కకు చూశాను. మావారు ఫోన్లో తలదూర్చి, అవసరమైనదానికన్నా శ్రద్ధగా ఏదో చదువుతున్నారు.

"మీకు తెలుసా?"

"అబ్బా, పెద్దావిడ. ఏదో సరదాపడింది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుందనీ..."

"తెలిసే, ఇందాక నన్ను ఆటపట్టించారు."

"రాద్ధాంతం చెయ్యకు. ఆ గదికేమైంది ఇప్పుడు? బంగారంలా ఉంది."

కోపమంటే వణుకనీ కేకలనీ అనుకునేదాన్ని. అది అలా రాలేదు. లోపల ఇన్నాళ్ళుగా గజిబిజిగా ఉన్నదంతా ఒక్కసారి సర్దుకున్నట్టయింది. ఈయన తూకం కనిపించింది: ఒక తట్టలో తల్లి చిన్నబుచ్చుకోవడం, రెండో తట్టలో కూతురి ఊపిరి. ఏది బరువో ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నారు. అంత స్పష్టంగా చూడగలగడంలో ఒక సుఖం కూడా ఉంది. ఆ సుఖానికి నాకే భయం వేసింది.

కిందికి వెళ్ళి పరుపు చుట్టి, మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాను.

"ఎక్కడికది?" అన్నారు మావారు.

"చుట్టాల గదిలోకి. మళ్ళీ డబ్బా తెప్పిస్తాను. ఈసారి తాళంచెవి నా దగ్గరుంటుంది. సంగతి తేలేదాకా పిల్ల పైనే పడుకుంటుంది."

"ఆదివారం అన్నయ్యా వదినా వస్తున్నారు కదే!"

"రానీండి. కింద పడుకుంటారు. బంగారంలాంటి గది."

"భలేదానివే! అన్నయ్యని తీసుకెళ్ళి అక్కడ ఎలా పడుకోబెడతాం?"

అనేశాక గానీ ఆ మాట ఆయన చెవికి చేరలేదు. అత్తయ్య ముఖంలో గర్వం చెదిరింది. కొడుకు వంక చూశారు.

"మరి నన్నెలా పడుకోబెట్టారు నాన్నా?" అంది అమ్మాయి. అందులో నిష్ఠూరం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

ఆయన జవాబు కోసం నా మొహంలోకి చూశారు. ఇన్నేళ్ళూ ఆయన తరఫున పిల్లకు సర్దిచెప్పింది నేనే. ఈసారి దిండు తేవడానికి కిందికి దిగాను.